ఆజీ ప్రైస్‌తో రెండోసారి

నా తమ్ముడు నెవిల్ టాస్కర్ బాక్సింగే వృత్తిగా పద్దెనిమిది పోటీలు ఆడాడు. పద్దెనిమిదీ గెలిచినట్టే రికార్డు పుస్తకంలో ఉంది. అందులో ఒకటి వాడు గెలవలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ రోజు ప్రతి రౌండు తర్వాతా వాడి మొహం తుడిచింది నేనే.

మాది గ్రిమ్స్‌బీ. పొద్దున పూట నెవ్ చేపల రేవులో హాడక్ చేపల్ని చీల్చి ముళ్ళు తీసేవాడు. మధ్యాహ్నం విల్ఫ్ క్లేటన్ జిమ్‌కి వెళ్ళేవాడు. విల్ఫ్ ఒకప్పుడు ఆ రేవులోనే మేస్త్రీ. ఆ పని మానేసి ఇరవై ఏళ్ళయినా ఊరంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేది. నేను ఆసుపత్రి ఎమర్జెన్సీలో నర్సుని. "నీకు నెత్తురు కొత్త కాదు కదమ్మాయ్ ఏవ్రిల్, రా, వీడి గాయాలు నువ్వే చూసుకో" అని ఆయన నన్ను కూడా రింగు మూలకి లాక్కొచ్చాడు.

చిన్న హాళ్ళలో జరిగే పోటీలకి ఒక పద్ధతి ఉంది. సొంత ఊరి కుర్రాడి కోసం జనం టికెట్లు కొంటారు. వాడి ముందు నిలబెట్టడానికి పక్క ఊరినుంచి ఒకణ్ణి పిలుస్తారు. ఓడిపోయి వెళ్ళడమే అతని పని. అలాంటివాళ్ళు చేతకానివాళ్ళని అనుకుంటే పొరపాటు. దెబ్బ తగలకుండా, దెబ్బ తియ్యకుండా, చూసేవాడికి అనుమానం రాకుండా ఆరు రౌండ్లు గడపడం చాలా పెద్ద విద్య. వాల్సాల్ ఊరి ఆజీ ప్రైస్ ఆ విద్యలో ఆరితేరినవాడు. ఇళ్ళకి పలకల కప్పులు వెయ్యడం అతని వృత్తి. బుధవారం ఫోను వస్తే శనివారం వచ్చి ఓడిపోయి, సోమవారం మళ్ళీ నిచ్చెనెక్కేవాడు.

నెవ్ ఆరో పోటీకి రావాల్సినవాడికి జ్వరం వచ్చింది. బదులు ఆజీ వచ్చాడు. నెవ్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు, అతనికి ముప్పై మూడు.

మూడో రౌండులో నెవ్ ఎడమచేత్తో కొట్టి, ఆ చెయ్యి వెనక్కి తీసుకునేటప్పుడు కొంచెం కిందికి దింపాడు. ఆజీ కుడిచెయ్యి దాని మీదుగా వచ్చి దవడకి తగిలింది. నెవ్ మోకాళ్ళు మడతపడ్డాయి. వెనక తాళ్ళు లేకపోతే కూలిపోయేవాడే. ఆజీ రెండడుగులు ముందుకొచ్చి ఆగాడు. ఇంకో దెబ్బ వెయ్యలేదు. కౌగిలించుకున్నట్టు వాణ్ణి పట్టుకుని గంట మోగేదాకా అలాగే ఉన్నాడు.

స్టూలు మీద కూర్చున్నాక నెవ్ నన్ను అడిగాడు. "ఇంకా మొదలవలేదా అక్కా?"

విల్ఫూ నేనూ మొహాలు చూసుకున్నాం. నేను పోటీ ఆపించి ఉండాల్సింది. మిగతా మూడు రౌండ్లూ నెవ్ నిద్రలో నడిచేవాడిలా ఆడాడు. ఆజీ చిన్నచిన్న దెబ్బలతో పాయింట్లలో ముందుకు పోయాడు. చివరికి రిఫరీ ఒక్క పాయింటు తేడాతో మావాడి చెయ్యి ఎత్తాడు. హాలు మోగిపోయింది. ఆజీ మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు. సంచీ సర్దుకుని రైలుకి వెళ్ళిపోయాడు.

"ఎవరైనా అడిగితే పోటీ గట్టిగా జరిగిందని చెప్పండి. అంతకుమించి ఒక్క ముక్క వద్దు" అన్నాడు విల్ఫ్.

రెండు రోజుల తర్వాత నెవ్ నా వంటింట్లో కూర్చుని, మూడో రౌండు నుంచి ఏం జరిగిందో చెప్పమన్నాడు. చెప్పాను. మొత్తం విన్నాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఆ మాట ఎత్తలేదు.

మూడేళ్ళలో ఇంకో పదకొండు గెలిచాడు. అవి నిజంగా గెలిచాడు. మొత్తం పదిహేడు. అప్పుడు బ్రిటిష్ టైటిల్ పోటీకి పిలుపొచ్చింది. సెప్టెంబరులో పోటీ. పోటీలు నడిపించే ప్రమోటరు కాగితాలు పట్టుకుని జిమ్‌కి వచ్చాడు. విల్ఫ్ ఆ రోజు కొత్త టై కట్టుకున్నాడు. నెవ్ మాత్రం కలం ముట్టుకోలేదు.

"ముందు ఆజీ ప్రైస్‌తో ఇంకోసారి ఆడతాను. తర్వాత సంతకం" అన్నాడు.

ప్రమోటరు నవ్వాడు. "ఆ ముసలి కప్పులోడితోనా? వాణ్ణి ఎప్పుడో ఓడించావు కదయ్యా."

"లేదు."

"నెవ్, నోర్ముయ్" అన్నాడు విల్ఫ్.

"నువ్వూ అక్కడే ఉన్నావు కదా మేస్త్రీ."

"ఉన్నాను. రిఫరీ కూడా ఉన్నాడు. నీ చెయ్యెత్తింది ఆయన, నేను కాదు."

ప్రమోటరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడు బాబూ. నీ పేరు పక్కన ఓటముల గడిలో సున్నా ఉంది. టీవీ వాళ్ళు కొనేది ఆ సున్నాని. నీ అందాన్ని కాదు."

"అది నిజమైన సున్నా అయితే అక్కడే ఉంటుంది. కాకపోతే పోతుంది. నాకు తెలియాలి."

"నీకు తెలిసి ఏం చేస్తావ్?"

నెవ్ చేతులకి పట్టీలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడికి జవాబు తెలుసని నేననుకోను. సెప్టెంబరు లోపు ఓడినా, గాయపడినా ఇంకొకణ్ణి చూసుకుంటానని, అప్పుడు తన గుమ్మంలోకి రావద్దని చెప్పి ప్రమోటరు లేచాడు. విల్ఫ్ టై విప్పి జేబులో కుక్కుకున్నాడు.

మే నెలలో నెవ్‌నీ నన్నూ వాల్సాల్ తీసుకెళ్ళింది నా పాత ఫోర్డ్ కారు. ఆజీ ఓ ఇంటి కప్పు మీద ఉన్నాడు. కింద నుంచి పిలిస్తే తొంగిచూసి, "నాకు దిగే తీరిక లేదు, మీరే ఎక్కండి" అన్నాడు. ఎక్కాం. చెక్కల మంచె మీద కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి ఒకే కప్పులో టీ పోసి ఇద్దరికీ ఇచ్చాడు.

"గుర్తుందా?" అని అడిగాడు నెవ్.

"ఎందుకుండదు? చేపల కంపు కొట్టే హాలు. మూడో రౌండు. నీ కళ్ళు సీలింగు లైట్లకేసి పోయాయి."

"తర్వాత నన్నెందుకు పట్టుకున్నావ్?"

"పట్టుకోకపోతే పడిపోయేవాడివి."

"పడిపోనివ్వాల్సింది."

"బాగుంది. నువ్వు పడితే నేను గెలుస్తాను. నేను గెలిస్తే ఇక ఫోను మోగదు తమ్ముడూ. టికెట్లు అమ్మే కుర్రాణ్ణి పడగొట్టేవాణ్ణి ఎవడు పిలుస్తాడు? ఆ మరుసటి శుక్రవారమే స్టోక్‌లో ఇంకో పోటీ ఉండింది నాకు. ఇంట్లో కప్పు కారుతోంది. నవ్వకమ్మా, కప్పులేసేవాడి ఇంటి కప్పే ఎప్పుడూ కారేది."

నాకు నవ్వు రాలేదు. నెవ్ మొహం చూస్తున్నాను. ఆ రోజు తనని ఒకడు కావాలనే నిలబెట్టాడన్న సంగతి వాడు అప్పుడే మింగుతున్నాడు.

"ఇంకోసారి ఆడదాం. ఎనిమిది రౌండ్లు" అన్నాడు చివరికి.

"ఓహో. ఈ ముసలాణ్ణి కొట్టి నీ మనసు కడుక్కుంటావన్నమాట. మరి నాకేమొస్తుంది?"

"ఎనిమిది వారాలు."

"ఏంటి?"

"ఎనిమిది వారాల ముందు చెప్తున్నాను, తయారవ్వడానికి. అంత ముందు నీకెప్పుడైనా ఎవరైనా చెప్పారా?"

ఆజీ చేతిలోని పలక అంచు చెక్కుతున్నాడు. సుత్తి ఆగిపోయింది.

"నూట ముప్పై తొమ్మిది పోటీలు" అన్నాడు. "అన్నిటికన్నా ముందు చెప్పింది పదకొండు రోజులు. అదీ వాళ్ళు తేదీ తప్పు చూసుకోబట్టి."

పలకని పక్కన పెట్టాడు. "ఇక్కడే, వాల్సాల్‌లో పెట్టాలి. ఆదివారం, చర్చి అయ్యాక. మా అమ్మ నా పోటీ ఒక్కసారి కూడా చూళ్ళేదు. కొడుకు ఓడిపోవడం చూడ్డానికి బస్సెక్కనంది."

"సరే."

"ఇంకో మాట. ఈసారి నిన్ను పట్టుకోను."

మేము నిచ్చెన దిగేటప్పుడు వెనక సుత్తి చప్పుడు మళ్ళీ మొదలవలేదు.

విల్ఫ్ వారం రోజులు నెవ్‌తో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు జిమ్‌కి వచ్చి, "నీ మూలలో నా బకెట్టు ఇంకొకడు మొయ్యడం నేను చూళ్ళేను" అని గ్లవ్స్ విసిరాడు. ఆ తర్వాత ఆ మే, జూన్ నెలల్లో వాణ్ణి ఆయన సాధించినట్టు ఇంకెప్పుడూ సాధించలేదు.

జులైలో ఓ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి పోటీ. టౌన్ హాల్లో కిటికీలన్నీ తెరిచినా ఉక్కగానే ఉంది. జనమంతా ఆజీ వాళ్ళే. పక్కింటివాళ్ళు, చర్చివాళ్ళు, అతను కప్పులేసిన ఇళ్ళవాళ్ళు. ముందు వరసలో నీలం టోపీ పెట్టుకుని, ఒళ్ళో హ్యాండుబ్యాగు నిటారుగా పెట్టుకుని కూర్చున్నావిడ వాళ్ళమ్మ అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ దవడా ఆజీ దవడా ఒకటే.

ఆజీ ఒంటి మీది పొడుగు అంగీ తీశాడు. మూడేళ్ళ కిందట మెత్తటి పొట్టతో చూశాను. ఇప్పుడు పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"దేవుడా" అన్నాడు విల్ఫ్ మెల్లగా. "వీడు బాక్సరు. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచాడు?"

మొదటి రౌండు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడంతో సరిపోయింది. రెండో రౌండులో అదే కుడిచెయ్యి, అదే దారిలో వచ్చింది. నెవ్ దానికోసం ఎనిమిది వారాలు కాచుకున్నాడు, అయినా తగిలింది. కింద పడ్డాడు. చర్చివాళ్ళంతా కుర్చీలెక్కారు. రిఫరీ ఏడు లెక్కపెట్టాక నెవ్ లేచి నిలబడ్డాడు. ఆజీ ఈసారి ఆగలేదు. అన్నమాట ప్రకారం మీదికొచ్చి రౌండు చివరిదాకా కొట్టాడు. నెవ్ మోచేతుల వెనక దాక్కుని ఎలాగో గంట దాకా నెట్టుకొచ్చాడు.

నాలుగో రౌండులో ఎడమ కనుబొమ్మ తెగింది. లోతుగా తెగింది. నెత్తురు కంట్లోకి పోతోంది. రిఫరీ మా మూలకి వచ్చి గాయాన్ని చూశాడు.

"ఒక్క రౌండు చూస్తాను. ఆగకపోతే ఆపేస్తా" అన్నాడు.

దెబ్బకి తెగిన గాయం వల్ల ఆపితే అది ఓటమే. రౌండుకీ రౌండుకీ మధ్య ఒక నిమిషం. వాడు వచ్చి కూర్చోడానికీ, లేచి నిలబడ్డానికీ పోగా నా చేతికి మిగిలేది నలభై సెకన్లు. గాయం అంచులు వేళ్ళతో విడదీసి, మందులో ముంచిన దూది లోపలికి పెట్టి, బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. పైన వాసెలిన్ దట్టంగా పూశాను. ఐదో రౌండంతా నేను పోటీ చూడలేదు, ఆ కనుబొమ్మనే చూశాను. నెత్తురు ఆగింది.

ఐదు, ఆరు రౌండ్లు నెవ్‌వి. ఆజీ డొక్కల మీద, పొట్ట మీద వాడు కొడుతూ పోయాడు. ముప్పై ఆరేళ్ళ ఒళ్ళు ఎండాకాలం ఉక్కలో ఎంతసేపు నిలుస్తుంది? ఆజీ నోరు తెరుచుకుంది. అయినా ఏడో రౌండు మధ్యలో అతని గ్లవ్ నేరుగా నెవ్ ఎడమ కంటి మీద పడింది. నెవ్ తల విదిలించాడు. మళ్ళీ విదిలించాడు. అప్పటినుంచి కోడిపుంజులా తల పక్కకి తిప్పి చూడ్డం మొదలుపెట్టాడు.

స్టూలు మీద కూర్చున్నప్పుడు నన్నూ అలాగే చూశాడు.

"ఎడమ కంటికి కనిపిస్తోందా?" అని అడిగాను.

"కనిపిస్తోంది."

"నా వేలు ఎటు కదులుతోంది?"

"ఎటో కదుల్తోందిలే. తుడువక్కా, టైం లేదు."

నేను నర్సుని. అలాంటి జవాబు ఎలాంటివాళ్ళు చెబుతారో నాకు తెలుసు. విల్ఫ్ కేసి చూశాను. ఆయన కూడా చూస్తున్నాడు.

"పాయింట్లు ఇంచుమించు సమానం" అన్నాడు విల్ఫ్. "మిగిలింది ఒక్క రౌండు. ఏవ్రిల్, నువ్వు ఆపమంటే ఇప్పుడే ఆపుతాను. నీ తమ్ముడు, నీ మాట."

రిఫరీ ఎదుటి మూల దగ్గర ఉన్నాడు. ఒక్క చెయ్యి ఊపితే చాలు. నెవ్ ఆ రెండో కంటితో నన్నే చూస్తున్నాడు.

"ఆపకు" అన్నాడు. మళ్ళీ చిన్నప్పుడు అడిగినట్టు, "అక్కా, ఆపకు."

నేను చెయ్యి ఊపలేదు. దూది బకెట్టులో పడేసి, స్టూలు తీసుకుని తాళ్ళ కిందనుంచి బయటికొచ్చాను. గంట మోగింది.

ఆజీకి తెలిసిపోయింది. మొదటి నిమిషమంతా అతను నెవ్ ఎడమ పక్కకే తిరిగాడు, అక్కణ్ణించే కుడిచెయ్యి విసిరాడు. అది వస్తున్నట్టు నెవ్‌కి తెలియడం లేదు. తగిలాకే తెలుస్తోంది. ఒకటి, రెండు, మూడు. నా చేతిలో తువ్వాలు ఉంది, రింగులోకి విసిరితే పోటీ ఆగిపోతుంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే మర్నాటికి వేళ్ళు నొప్పెట్టాయి. విల్ఫ్ రింగు నేల మీద అరచేత్తో కొడుతూ, "లోపలికి దూరు, లోపలికి దూరు" అంటున్నాడు.

నెవ్ లోపలికి దూరాడు. నుదురు ఆజీ గుండెకి ఆనించి, ఇక చూడాల్సిన పని లేకుండా రెండు చేతులతో డొక్కల్లో కొట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరూ తాళ్ళ దాకా వెళ్ళారు. ఆజీ కాళ్ళు బరువెక్కిపోయాయి. చేతులు నెవ్ భుజాల మీదికి లేచాయి. పట్టుకుని వేలాడితే ఊపిరి తీసుకోవచ్చు, అది అతనికి బాగా తెలిసిన విద్య. పట్టుకోలేదు. చేతులు దింపి మళ్ళీ కొట్టాడు. జనం అరవడం మానేసి నిలబడి చూస్తున్నారు. చివరి గంట మోగాక కూడా ఇద్దరూ ఆగలేదు, రిఫరీ మధ్యలో దూరి విడదీశాడు.

రిఫరీ కాగితం మీద కూడుకున్నాడు. ఒకసారి కూడి, మళ్ళీ కూడాడు. తర్వాత నడుచుకుంటూ వచ్చి నెవ్ చెయ్యి ఎత్తాడు. డెబ్బై ఏడు, డెబ్బై ఆరు.

హాలు ఒక్కసారిగా గోలపెట్టింది. ఎవరో ప్లాస్టిక్ గ్లాసు విసిరారు. అప్పుడు ఆజీ వచ్చి నెవ్ రెండో చెయ్యి పట్టుకుని తనే పైకెత్తాడు. అలా పట్టుకునే నాలుగు పక్కలా తిరిగాడు. గోల తగ్గింది.

"ఇది నిజమే" అన్నాడు ఆజీ, నెవ్ చెవిలో. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. "నన్నడుగు, నేను లోపలున్నాను."

తర్వాత తాళ్ళ మీంచి వంగి వాళ్ళమ్మతో అన్నాడు. "ఓడిపోయానమ్మా."

"చూశాన్లే. నాకు కళ్ళున్నాయి" అంది ఆవిడ. "రా, భోజనం చల్లారిపోతోంది. ఆ కుర్రాణ్ణి కూడా పిలువు."

నెవ్ వెళ్ళలేదు. వాణ్ణి నేను నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కణ్ణించి మా ఊరి దగ్గరున్న హల్ నగరంలో కంటి ఆసుపత్రికి పంపారు. కంటి వెనక ఉండే రెటీనా పొర చిరిగి ఊడిపోయిందని, ఆపరేషన్ చేస్తే కొంత చూపు మిగులుతుందని డాక్టరు చెప్పింది. బాక్సింగ్ గురించి నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. అలాంటి కంటితో ఈ దేశంలో ఎవరూ లైసెన్సు ఇవ్వరు.

ఆపరేషన్ తర్వాత నాలుగు రోజులు బోర్లా పడుకోవాలి. నేను పక్కన కూర్చుని, వాడి తల వెనక భాగంతో మాట్లాడాను.

"ఆపాల్సింది నేను."

"ఏడో రౌండులోనే నల్లటి తెర పడిపోయిందక్కా. పక్కనుంచి మెల్లగా దిగింది."

"కనిపిస్తోందన్నావు."

"కనిపించట్లేదంటే ఆపేసేదానివి."

"ఆపేసేదాన్నే."

"మరి అందుకే."

నాకు ఎంత కోపం వచ్చిందంటే, అప్పటికప్పుడు లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. కోపం వాడి మీద సగమే. వాడు అబద్ధం చెబుతున్నాడని ఆ స్టూలు దగ్గరే నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టు ఊరుకున్నాను, ఎందుకంటే వాడు గెలవాలని నాకూ ఉంది. ఆ మాట వాడికి ఇప్పటిదాకా చెప్పలేదు.

సెప్టెంబరు టైటిల్ పోటీ ఇంకెవరో ఆడారు. నెవ్ దాన్ని టీవీలో చూశాడు. రెండో రౌండు అయ్యాక, "వీణ్ణి నేను కొట్టేవాణ్ణి" అని లేచి టీ పెట్టుకున్నాడు. చేపల రేవులో కత్తి పట్టుకోవడానికి లేదు కాబట్టి వాణ్ణి తూకం దగ్గర వేశారు. ఆజీ ఆ ఆదివారంతోనే గ్లవ్స్ వదిలేశాడు. విల్ఫ్ మాత్రం ఆసుపత్రికి రాలేదు. ఇంటికీ రాలేదు.

నవంబరులో జాలర్ల క్లబ్బువాళ్ళు ఆదివారం భోజనానికి పిలిచారు. ఊరి బాక్సరు ఓటమి ఎరగకుండా రిటైరయ్యాడని గోడ గడియారం బహుమతి. నూట యాభైమంది. విల్ఫ్ దూరంగా, గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. మాంసం, ఉడికించిన బంగాళాదుంపలు అయ్యాక నెవ్‌ని మాట్లాడమన్నారు.

"పద్దెనిమిది అన్నారు. పదిహేడు" అన్నాడు నెవ్. "ఆరో పోటీ నేను ఓడిపోయాను. ఇక్కడే, ఈ ఊళ్ళోనే. వాల్సాల్ కప్పులాయన గెలిచాడు, నాకిచ్చారు. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. గడియారం బాగుంది, ఉంచుకుంటాను."

కొందరు నవ్వారు. వినయం ఎక్కువ కుర్రాడికి అని ఎవరో అన్నారు. కొందరు కంచాల్లోకి చూసుకున్నారు. కార్యదర్శి గబగబా మైకు తీసుకుని లాటరీ చీట్లు తియ్యడం మొదలుపెట్టాడు. నాకు ఓ డబ్బా పంది మాంసం తగిలింది.

బయటికొచ్చేసరికి నా కారు పక్కన విల్ఫ్ నిలబడి ఉన్నాడు.

"నా పేరు చెప్పలేదేం?" అన్నాడు.

"ఏమని చెప్పాలి మేస్త్రీ?"

"నోర్మూసుకోమన్నది నేనని."

"మూసుకున్నది నేనే కదా" అన్నాడు నెవ్.

విల్ఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని మళ్ళీ తీశాడు. "హల్‌కి వచ్చాను. రెండుసార్లు. లిఫ్టు దాకా వచ్చి వెళ్ళిపోయాను."

"మూడోసారి రావాల్సింది. అక్క తప్ప మాట్లాడేవాళ్ళు లేక పిచ్చెక్కింది నాకు."

నేను కారు తలుపు తీశాను. ఇద్దరూ ఎక్కలేదు. వాన ఇంకా మొదలవలేదు కదా, రేవు మీదుగా నడిచి వెళ్తామన్నారు. నెవ్‌కి ఎడమ పక్క కాలిబాట అంచు సరిగా కనిపించదు. విల్ఫ్ ఏమీ అడక్కుండానే ఆ పక్కకి మారి, వాడి మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో విషయం మీద గట్టిగా వాదించుకుంటూ వెళ్ళిపోయారు. గడియారాన్నీ మాంసం డబ్బానీ నేనే ఇంటికి తెచ్చాను.